మిగిలిన నాలుగు మాటలు

పొద్దున తొమ్మిదింబావుకి ఆ అమ్మాయి మా ఆఫీసు తలుపు తోసుకుని వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా, "మా నాన్నని నేనే చంపానంటున్నారండీ" అంది.

ఆ నాన్న ఎవరో ఆమె చెప్పనక్కర్లేదు. ఊళ్లో పత్రిక తెప్పించుకునే ప్రతి ఇంట్లోనూ ఆయన్ని గళ్ల మాస్టారంటారు. రోజూ పదహారు గళ్లలో పదహారు మాటలిస్తాడు. వాటిలో నాలుగేసి మాటలకి లోపల ఏదో చుట్టరికం ఉంటుంది. అది పట్టుకుని నాలుగు గుంపులు విడదీయాలి. ఇరవై రెండేళ్లుగా మా ఆఫీసులో తాళం తియ్యగానే జరిగే మొదటి పని అదే. నేను గుంపులు చెబుతాను, మా బాబాయి జేబుగడియారం పట్టుకుని సెకన్లు లెక్కపెడతాడు. తొమ్మిదేళ్లకే అమ్మానాన్నా పోయిన నన్ను పెంచిందీ ఆయనే, ఈ డిటెక్టివు పని నేర్పిందీ ఆయనే. బయట బోర్డు మీద తన పేరు పక్కన నా పేరు రాయించిన రోజు నాకంటే ఎక్కువ ఏడ్చిందీ ఆయనే.

ఆ అమ్మాయి అదే పత్రికలో ప్రూఫులు దిద్దుతుంది. నిన్న సాయంత్రం ఐదూ ఐదుకి తండ్రి గదిలోకి వెళ్లేసరికి ఆయన బల్ల మీదికి వాలిపోయి ఉన్నాడట. తల వెనక దెబ్బ. అంతకు రెండు గంటల ముందు, ఇంక ఉద్యోగం మానెయ్యమని తండ్రితో గట్టిగా పోట్లాడింది. ఆమె గొడుగు ఆ గదిలో మూలన దొరికింది. ఇన్‌స్పెక్టరుకి అంతకన్నా ఏం కావాలి? మధ్యాహ్నం పన్నెండింటికి అరెస్టు చేస్తానని చెప్పి పంపాడు, తయారుగా ఉండమన్నట్టు.

"ఈ కేసు మనకొద్దమ్మడూ" అన్నాడు బాబాయి. "వాడు నా చిన్ననాటి స్నేహితుడు. సొంతవాళ్ల చావులో వేలు పెడితే కళ్లకి ఏదీ తిన్నగా కనబడదు."

"సొంతవాళ్లు కాబట్టే వెళ్తున్నాను" అన్నాను. "ఈ పిల్లని ఆ మీసాల ఇన్‌స్పెక్టరు చేతిలో పెట్టి నేను ఇక్కడ కూర్చుని గోళ్లు గిల్లుకోవాలా?"

ఆయన నిట్టూర్చాడు. నేను మొండికేస్తే ఆయన ఏనాడూ గెలవలేదు. ఎప్పట్లాగే చీటీ తీసుకుని నేను వెళ్లాల్సిన చోటు రాశాడు. నన్ను ఎక్కడికి పంపినా చీటీ రాసివ్వందే ఆయనకి తోచదు. "ఆర్నెల్లయింది నేను ఆ మెట్లెక్కి. ఈ మోకాళ్లు పాడుగానూ" అని గొణుగుతూ, చీటీని మూడు మడతలు పెట్టి, మూల మడిచి లోపలికి దోపి ఇచ్చాడు.

"ఈ పిల్లని నా దగ్గర వదిలివెళ్లు. అక్కడికి తీసుకెళ్తే పీక్కుతింటారు."

ఆ మాటకి నాకు ప్రాణం లేచొచ్చింది. మా ఆఫీసుని మించిన భద్రమైన చోటు ఈ ఊళ్లో ఇంకోటి లేదని ఆ అమ్మాయికి ధైర్యం చెప్పి, నా కుర్చీలోనే కూర్చోబెట్టి బయల్దేరాను.

చీటీలో ఉన్నట్టే పత్రికాఫీసు మూడో అంతస్తు, ఎడమవైపు, చివరి గది. గుమ్మం దగ్గర ముసలి అటెండరు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి.

"తిన్నగా వచ్చేశారమ్మా మీరు. పోలీసులు నిన్న ఐదు నిమిషాలు ఆ చివర పాత గది తలుపు బాదారు" అన్నాడు.

"పాత గదేమిటి?"

"కప్పు కారుతోందని నిన్న పదకొండింటికే మాస్టారిని ఇటు మార్చామమ్మా. కింద బోర్డు మీద కూడా ఇంకా మార్చలేదు."

నా అలవాటు ప్రకారం టైములన్నీ నోటుబుక్కులో రాసుకున్నాను. ఒకటి తర్వాత ఒకటి అడిగాను, ఆయన తడుముకోకుండా చెప్పాడు. పదకొండుకి గది మార్పు. పదకొండున్నరకి మాస్టారు ఎవరికో ఫోను చేశారు. మూడింటికి కూతురితో గొడవ. నాలుగూ ఇరవైకి టీ. నాలుగూ పాతికకి ఈయన వేరే పేజీలు పట్టుకుని కింద అచ్చు విభాగానికి వెళ్లాడు. నాలుగూ యాభైకి తిరిగొచ్చి బయట కూర్చున్నాడు. లోపల అలికిడి లేదు. మాస్టారు పనిలో ఉన్నారనుకున్నాడు. ఐదూ ఐదుకి కూతురి కేక.

"అంటే నాలుగూ పాతిక నుంచి నాలుగూ యాభై దాకా ఇక్కడ కాపలా లేదు."

"లేదమ్మా. వెనక ఇనప మెట్లున్నాయి, ఎవరైనా రావచ్చు." ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "నేను వెళ్లకుండా ఉంటే బాగుండేదమ్మా."

"అది మీ ఉద్యోగం తాతా. ఆ పాపం మీ నెత్తిన వేసుకోకండి. ఫోనులో ఏం మాట్లాడారో విన్నారా?"

"వినాలని వినలేదు. బీరువా జరుపుతుంటే చెవిన పడింది. 'ఒరేయ్, నాలుగున్నరకి రా. నువ్వే ఆ పిల్లకి చెప్పుకో. లేదంటే రేపు నా గళ్లే చెబుతాయి' అన్నారు. కోపంగా కాదమ్మా. ఏడుస్తున్నట్టు అన్నారు."

ఆ పిల్లంటే కూతురే అనుకున్నాను. ఇంకెవరుంటారు?

లోపలినుంచి గొంతు సకిలింపు వినబడింది. మీసాల ఇన్‌స్పెక్టరు కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఏడేళ్ల క్రితం ఒక దొంగతనం కేసులో మా ఆఫీసు ఆయన కంటే ముందు దొంగని పట్టిచ్చింది. ఆనాటినుంచి నేను కనబడితే ఆయనకి ఒళ్లు మంట.

"రండి డిటెక్టివు గారూ! మీరొస్తే గానీ ఊళ్లో శవం కూడా సరిగ్గా చావదు కదా."

"నేను రాకపోతే మీరు కాటికాపరిని కూడా అరెస్టు చేస్తారు" అన్నాను.

గది చిన్నది. ఒక బల్ల, ఒక మంచి కుర్చీ, వచ్చినవాళ్లకి మూడు కాళ్ల చెక్క స్టూలు, గోడ పొడుగునా నిఘంటువులు. సొరుగులన్నీ లాగేసి ఉన్నాయి. కాగితాలకి చిల్లులు పొడిచే ఇనప యంత్రంతో కొట్టారట. దాన్ని ఇప్పటికే తీసుకెళ్లిపోయారు. బల్ల మీద మాత్రం పదహారు కార్డులు, నాలుగు వరసలుగా, చెక్కుచెదరకుండా ఉన్నాయి.

"సొరుగులన్నీ వెతికినవాడు వీటి జోలికెందుకు రాలేదు?" అన్నాను.

"వీటి మీద పేపరు కప్పి ఉందమ్మా" అన్నాడు గుమ్మంలోంచి అటెండరు. "ఎవరొచ్చినా మాస్టారు ముందు కార్డుల మీద పేపరు పరిచేవారు. రేపటి గళ్లు ఎవరి కంటా పడకూడదని. కన్నకూతురికి కూడా చూపించేవారు కాదు."

"జవాబులో?"

"జవాబు ఒక కాగితం మీద రాసి, కవరులో పెట్టి అంటించి, అమ్మాయి గారి చేతికిస్తారు. గళ్లు అచ్చయ్యాకే ఆవిడ తెరవాలి. నిన్నటిది మధ్యాహ్నమే ఇచ్చేశారు. ఆవిడ బ్యాగులో పెట్టుకోవడం నేను చూశాను. తెరిచి ఉండరు. గళ్లు అచ్చవలేదుగా."

చంపినవాడు సొరుగుల్లో వెతికింది ఆ కవరు కోసమేనని నాకు తట్టింది. అది ఆ అమ్మాయి బ్యాగులో ఉంది, ఆ అమ్మాయి మా బాబాయి దగ్గర ఉంది. హమ్మయ్య అనుకున్నాను కూడా.

"కవరెందుకు? జవాబు నేను చెబుతాను" ఇన్‌స్పెక్టరు మీసం దువ్వుకున్నాడు. "రాత్రి మా ఆవిడా నేనూ కూర్చుని తేల్చేశాం. చూడండి."

కార్డుల మీద ఇవి ఉన్నాయి: బల్ల, సబ్బు, జల్లెడ, గొడుగు. సూది, మంచం, నిచ్చెన, పెన్సిలు. కొవ్వొత్తి, వయొలిన్, కుర్చీ, గుండీ. అద్దం, వేణువు, సుద్దముక్క, స్టూలు.

"వాడేకొద్దీ అరిగిపోయేవి, సబ్బు, పెన్సిలు, కొవ్వొత్తి, సుద్దముక్క. ఇది పసిపిల్లలు కూడా చెబుతారు. కాళ్లున్నా నడవనివి, బల్ల, కుర్చీ, మంచం, నిచ్చెన. చిల్లులున్నవి, జల్లెడ, గుండీ, వేణువు, స్టూలు."

"స్టూలుకి చిల్లేమిటి?"

"ప్లాస్టిక్ స్టూలుకి నడిమధ్య చిల్లుండదూ, వేలు పెట్టి ఎత్తడానికి? మా ఆవిడే పట్టింది" అన్నాడు గర్వంగా. "ఇంక మిగిలినవి గొడుగు, వయొలిన్, అద్దం, సూది. గొడుగు ఈ గదిలోనే దొరికింది, కూతురిది. వయొలిన్ నేర్చుకుంటోంది, కూతురు. అద్దం, సూది ఏ ఆడపిల్ల బ్యాగులోనైనా ఉంటాయి. తనకేదైనా అయితే ఎవరి పనో ముందే రాసిపెట్టుకున్నాడు పాపం ముసలాయన. ఫోనులో ఒరేయ్ అన్నది కూడా ఆమెనే. కూతుళ్లని ముద్దుగా ఒరేయ్ అనేవాళ్లు ఎంతమంది లేరు?"

"కింద అంతస్తులో ఉన్న కూతురికి ఫోను చేసి నాలుగున్నరకి రమ్మంటాడా? బోడిగుండుకీ మోకాలికీ ముడి పెట్టడంలో మీ ఇంటిల్లిపాదీ ఘనులే. ఆ స్టూలు చూడండి."

చెక్క స్టూలు. గట్టి పలక. చీమ దూరే సందు లేదు.

"ఇరవై రెండేళ్లుగా ఈయన గళ్లు చేస్తున్నదాన్ని. ఈయన మాటల్లో సాగదీయడం ఉండదు. 'అలాంటివి కూడా ఉంటాయిగా' అని సమర్థించుకోవాల్సి వచ్చిందంటే పప్పులో కాలేసినట్టే. రోజూ ఒకటో రెండో దొంగమాటలు పెడతాడు, వేరే గుంపులోదిలా కనబడేవి. నిచ్చెనకి కాళ్లున్నట్టుంటాయి. అది దొంగమాట. దాన్ని అక్కడ పెట్టారు కాబట్టే పాపం స్టూలుకి చిల్లు పొడవాల్సి వచ్చింది. స్టూలు కాళ్లలోకి పోతుంది. సూది చిల్లుల్లోకి పోతుంది. నిచ్చెన ఇవతలికొస్తుంది."

నాలుగు కార్డులు విడిగా జరిపాను. గొడుగు. వయొలిన్. నిచ్చెన. అద్దం.

"ఊఁ. చుట్టరికమేమిటో సెలవివ్వండి" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

చెప్పబోయి ఆగిపోయాను. నాకు తెలుసు. చూసిన మరుక్షణమే తెలిసింది. కానీ తెలిసింది నమ్మబుద్ధి కాలేదు.

మా ఆఫీసులో ఏ ఫైలు మీదా మనుషుల పేర్లు రాయం. కేసుకి ఒక వస్తువు పేరు పెడతాం. బయటివాళ్లు బీరువా తెరిచినా ఏ ఫైలు ఎవరిదో తెలియకూడదని బాబాయి పెట్టిన పద్ధతి. గొడుగు, వయొలిన్, నిచ్చెన, అద్దం అనేవి మా నాలుగు పెద్ద కేసులు. మాకు పేరు తెచ్చినవి. ఆ పేర్లు ఈ ప్రపంచంలో ఇద్దరికే తెలుసు.

కాదు, ముగ్గురికి. మూడోవాడికి చెప్పింది నేనే.

నిఘంటువుల పక్కన ఒక అట్టపెట్టె ఉంది. వెళ్లి తెరిచాను. అడుగున నాలుగు పొడుగు కవర్లు. వాటి మీద గొడుగు, వయొలిన్, నిచ్చెన, అద్దం అని నా చేతిరాతే. లోపల చూస్తే నాలుగూ ఖాళీ.

"ఇవి మీరు రాసినవేనా?" ఇన్‌స్పెక్టరు గొంతులో వెటకారం పోయింది.

"నేనే. పోయిన నెల మాస్టారికి పంపాను."

వచ్చే నెలతో బాబాయికి డెబ్బై నిండుతాయి. ఆయనకి తెలియకుండా ఏదైనా చేసి మురిపించాలనుకున్నాను. ఆ నాలుగు కేసుల్లోనూ మేము దారి తోచక తల పట్టుకున్నప్పుడు ఎక్కణ్ణుంచో ఒక ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. ఒక్కోటి ఒక్కో ఊరి ముద్రతో, ఒక్కో చేతిరాతతో. ఫలానావాణ్ణి చూడండి, ఫలానా చోట తవ్వండి అని. చూశాం, తవ్వాం, గెలిచాం. ఆ నలుగురు పుణ్యాత్ములూ ఎవరో పట్టుకుని బాబాయి ముందు నిలబెట్టాలని నా ముచ్చట. మాటల తీరు చూసి మనిషిని చెప్పగలవాడు మాస్టారొక్కడే. ఉత్తరాలు కవర్లలో పెట్టి పంపుతూ, "వీళ్లెవరో కనిపెట్టి పెట్టండి, మా బాబాయికి మాత్రం చెప్పొద్దు" అని రాశాను.

కనిపెట్టాడు. నలుగురు కాదు, ఒక్కడే. నాలుగు మాటలూ ఒకే గుంపు. పట్టుకుని, నా మొహం మీద చెప్పడానికి నోరు రాక, నేను పొద్దున్నే చేస్తానని తెలిసిన గళ్లలో పెట్టాడు. అంతకు ముందు స్నేహితుడికి ఒక్క అవకాశం ఇచ్చాడు. ఒరేయ్, నువ్వే ఆ పిల్లకి చెప్పుకో అని.

ఆ పిల్ల నేనే.

నోటుబుక్కు తెరిచాను. పదకొండుకి గది మార్పు అని నా చేత్తోనే రాసుకున్నాను. బుక్కులోంచి చీటీ జారి బల్ల మీద పడింది. మూడో అంతస్తు, ఎడమవైపు, చివరి గది. ఆర్నెల్లుగా మెట్లెక్కని మనిషి, ఆ అమ్మాయి నోట గది మాటే రాకుండా, నిన్న పదకొండింటికి మారిన గదికి నాకు దారి రాసిచ్చాడు.

చీటీ మూడు మడతలు. మూల మడిచి లోపలికి దోపి ఉంది. ఆయన ఎత్తుకుపోయిన ఆ నాలుగు ఉత్తరాలూ మొదట విప్పింది నేనే. నాలుగూ ఇలాగే మడిచి ఉండేవి. చేతిరాతలు మార్చుకున్నాడు, ఊళ్లు మార్చుకున్నాడు, మడత మాత్రం మార్చుకోలేదు. రోజూ ఆ మడతలు విప్పుతూ పెరిగినదాన్ని, నాకేనాడూ అనుమానం రాలేదు. మన ఇంటి గుమ్మాన్ని మనం పట్టి పట్టి చూస్తామా?

స్టూలు మీద కూలబడ్డాను. గొడుగు కేసులో ఉత్తరం పట్టిచ్చింది ఒక గుమాస్తాని. నేనే ఏడుపు నటిస్తున్నాడన్నాను. నా పాపం కాదమ్మా, నా పాపం కాదమ్మా అని జైల్లోనే పోయాడు. ఆ కేసు గెలిచాకే బోర్డు మీద నా పేరు ఎక్కింది. నన్ను చేరదీసిన చేతులే ఆ ఉత్తరాలు రాశాయి, తవ్వమన్న చోట దొరికినవీ పాతిపెట్టాయి. ఇంత నమ్మించి ఇలా గొంతు కోస్తాడా మనిషి? ఇంతకంటే ఆనాడే నన్ను వీధిలో వదిలేసి ఉంటే బాగుండేది.

"ఏమైందండీ?" ఇన్‌స్పెక్టరు నీళ్ల గ్లాసు ఇచ్చాడు. ఆయన నాకు ఏదైనా ఇవ్వడం అదే మొదటిసారి.

నోరు మూసుకుంటే బాబాయి నాకు మిగులుతాడు. ఈ ఆలోచన వచ్చిందని ఒప్పుకుంటున్నాను. కవర్లు పెట్టెలో పడేసి, మీ ఆవిడే కరెక్టండీ అని ఇంటికి పోవచ్చు. గోడ గడియారం పదకొండూ ఇరవై చూపిస్తోంది. పన్నెండింటికి ఒక ఆడపిల్ల, కన్నతండ్రిని పోగొట్టుకుని ఇంకా ఇరవై నాలుగు గంటలైనా కాని పిల్ల, సంకెళ్లు వేయించుకుంటుంది. ఇంకో గుమాస్తా.

చెప్పేశాను. ఫైళ్ల పేర్లు, ఉత్తరాలు, చీటీ, మడత, అన్నీ.

ఆయన మీసం మీద చెయ్యి వెయ్యలేదు. కార్డుల వంక చూసి, "ఆ దొంగతనం కేసు... మీరు నిచ్చెన అంటున్నది అదేగా. ఆ ఆకాశరామన్న మీద నాకు అప్పుడే అనుమానమండీ. చెబితే కుళ్లుబోతునన్నారు మీరు" అన్నాడు.

"అన్నాను. తప్పు నాదే."

"సరే, అదలా ఉంచండి. కవరు ఎక్కడుందన్నారు?"

కవరు అమ్మాయి బ్యాగులో. అమ్మాయి నా కుర్చీలో. ఆ కుర్చీకి ఎదురుగా ఆయన. వదిలివెళ్లు అన్నది ఆయనే. భద్రమని ధైర్యం చెప్పి, చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది నేను.

"జీపు తియ్యమనండి" అని అరిచాను. ఇన్‌స్పెక్టరు అప్పటికే గుమ్మం దాటి కానిస్టేబుళ్లని కేకేస్తున్నాడు. మెట్ల దగ్గరికి పరిగెత్తేలోపు నా సెల్‌ఫోను మోగింది. మా ఆఫీసు నంబరు.

ఇన్‌స్పెక్టరు వేలు పెదాల మీద పెట్టుకుని, మాట్లాడమని సైగ చేశాడు.

"అమ్మడూ" అన్నాడు బాబాయి. రోజూ పొద్దున పిలిచే పిలుపే. "భోజనానికి వస్తావా, నేను తినేయనా?"

"వస్తున్నాను బాబాయీ. ఆ అమ్మాయి ఏం చేస్తోంది?"

"పడుకుంది పాపం. ఏడ్చి ఏడ్చి అలిసిపోతే నా నిద్రమాత్ర ఒకటి వేశాను. దాని బ్యాగులో ఏదో కవరుంది, వాళ్ల నాన్న గళ్ల జవాబట. అచ్చవలేదు కాబట్టి తెరవనంటుంది. పిచ్చిది, ఎంత బుద్ధిమంతురాలో." ఆయన చిన్నగా దగ్గాడు. "అక్కడ పదహారు కార్డులున్నాయటగా? పేపరు కింద ఉన్న వాటి గురించి పోలీసులు ఈ పిల్లని అడిగారట. నేను చూడనేలేదు. నువ్వు చేశావా?"

"మూడు గుంపులు చేశాను."

"నాలుగోది తేలిందా?"

నా పక్కనుంచి కానిస్టేబుళ్లు దడదడా మెట్లు దిగిపోతున్నారు. ఫోను అరచేత్తో మూసి, గొంతు మామూలుగా చేసుకున్నాను. ఆయనతో నేను అబద్ధమాడడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

"లేదు బాబాయీ. ఎంత గింజుకున్నా అంతుపట్టడం లేదు."

అవతల టిక్కుమని చిన్న చప్పుడయింది. ఇరవై రెండేళ్లుగా పొద్దున్నే వినే చప్పుడు. జేబుగడియారం మూత.

"తొమ్మిది సెకన్లు" అన్నాడు బాబాయి. "తెలియకపోతే నువ్వు వెంటనే చెప్పేస్తావమ్మడూ." ఫోను పెట్టేశాడు.